మెట్రోలో పది శ్వాసలు

సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కినా, ఆఫీసులో చివరగా చదివిన మెయిల్ అమీర్‌పేట దాకా నా తలలోనే తిరుగుతూ ఉండేది. ఇప్పుడు సీటు దొరకగానే ఫోన్‌ను సంచిలో వేసి, మనసులో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదులుతూ, ఇలా 10 శ్వాసలు పూర్తి చేస్తున్నాను. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. తలుపులు తెరుచుకునే ప్రకటన వినబడినప్పుడల్లా నాకు తప్పుతూనే ఉంటుంది. ఊపిరి బిగబట్టకూడదు, తల తిరిగినట్లనిపిస్తే మామూలుగా శ్వాసించాలి. కిక్కిరిసిన పెట్టెలో కడ్డీ పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం ఇది కుదరదు, కాబట్టి అలాంటి రోజుల్లో అమీర్‌పేటలో దిగాక ప్లాట్‌ఫామ్ బల్ల మీద కూర్చుని చేస్తున్నాను.