ఏళ్లుగా కదలని అంబాసిడర్: లక్షణం, కారణం, మరమ్మతు

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా, ఉత్తరాంధ్రలో సోంపేట నుంచి భోగాపురం దాకా పెరట్లో టార్పాలిన్ కప్పుకుని ఉన్న బళ్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని బాగు చేయించాలనుకున్న వాళ్లు ముందుగా కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొడతారు. దయచేసి అలా చేయకండి. ఇంజిన్ ఎప్పుడైనా బాగవుతుంది, ముందు బాడీ సంగతి తేల్చుకోవాలి.

డోరు ఎత్తి వేస్తేగానీ పడడం లేదు, కాలి కింద ఫ్లోర్ మెత్తగా ఉంది

డోరు తెరిచి పైకి ఎత్తి చూడండి. హింజ్ దగ్గర ఆడితే పిన్ అరిగినట్టే, అది చిన్న పని. అక్కడ గట్టిగా ఉండి కూడా డోరు జారుతోందంటే అనుమానం తుప్పు మీదే. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ (అడుగు ఫ్రేమ్) ఉండదు, బాడీ రేకే బరువంతా మోస్తుంది. డోర్ల కింద పొడవునా ఉండే బోలు రేకు పట్టీలను, అంటే సిల్స్‌ను, తుప్పు లోపలి నుంచి తినేస్తే బండి నడుం వంగిపోతుంది. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. 2018 తిత్లీ తుపానులో నీళ్లలో నిలిచిన బండైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కార్పెట్ మొత్తం పీకేసి స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. సిల్స్, ముందు టార్షన్ బార్ల (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీల) వెనక చివర బిగించే చోటు, వెనక కమాన్‌కట్టలను బాడీకి పట్టి ఉంచే హ్యాంగర్లు తప్పకుండా చూడాలి. మొన దిగబడిన చోట రేకు కోసి కొత్తది వెల్డ్ చేయించాలి. పుట్టీతో, ఫైబర్‌తో మూసేస్తామన్న టింకరుకు బండి ఇవ్వకండి. సిల్ కోసేముందు బాడీ కింద సపోర్టులు పెట్టాలి. డోర్లు బిగించే ఉంచి, సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ పని చేయాలి. లేకపోతే వంగిన ఆకారంలోనే అతుకు పడిపోతుంది. పెట్రోల్ ట్యాంకు దించి, బ్యాటరీ విప్పాకే వెల్డింగ్. చివర్లో ప్రైమర్ కొట్టించి, సిల్స్ లోపలికి వ్యాక్స్ స్ప్రే చేయించండి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉంచండి.

ఇంజిన్ తిరగడం లేదు

పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో కాస్త పల్చని ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. వేరే బండికి కట్టి లాగిస్తే రింగులు విరిగిపోవచ్చు. తిరగడం మొదలయ్యాక ఇంజిన్ ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు

ప్లగ్గు బాడీకి ఆనించి స్పార్క్ చూడండి. పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ రాకపోతే తొలి అనుమానం డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల మీదే. సన్నని ఎమరీతో రుద్ది, సందు 0.38 మిల్లీమీటర్లకు పెట్టండి. ప్లగ్గు వైర్లు సిలిండర్లకు వెళ్లే వరస 1-3-4-2.

అంటుకుని ఆగిపోతోంది, పెట్రోల్ వాసన వస్తోంది

ట్యాంకులో తుప్పు, కార్బురేటర్‌లో పాత పెట్రోల్ జిగురు. రెండూ కడిగించాలి. వాసన వస్తే పైపులు చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు పాత రబ్బరు తట్టుకోదు. పైపులు, పెట్రోల్ పంపులోని డయాఫ్రం (రబ్బరు పొర) ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి.

బ్రేక్ పెడల్ కిందికి పోతోంది

ఒకసారి తొక్కితే కిందికి పోయి, రెండోసారికి గట్టిపడితే బ్రేక్ షూలు డ్రమ్ముకు దగ్గరగా అడ్జస్ట్ చేయాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోందంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గరిది) రబ్బర్లు గానీ, వీల్ సిలిండర్ (చక్రం దగ్గరిది) రబ్బర్లు గానీ పోయాయి. పాత మోడళ్లలో బ్రేక్ లైన్ అంతా ఒకటే, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకే ఒక్క చక్రానికి మార్చి ఊరుకోకండి, అన్నిటికీ మార్చండి. పోసేది బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రమే. వేరే ఏ ఆయిల్ కలిసినా కొత్త రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి.

ఒక్క మాట టింకరుకూ పెయింటరుకూ ముందే చెప్పండి: ఛాసిస్ నంబరు ఉన్న చోటు గీకకూడదు, రంగుతో పూడ్చకూడదు. 15 ఏళ్లు దాటిన ఆర్‌సీ రెన్యూవల్‌కు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు ఆ నంబరు చూస్తారు.