టర్బో కారుకు కొత్త ఇంటేక్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే పైపు, ఫిల్టరు) వేస్తున్నారా?
పాత పైపు ఊడదీయగానే టర్బో నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చిన్న నట్టు లోపల పడినా కంప్రెసర్ రెక్కలు పోతాయి. బిగించే ముందు ఆ గుడ్డ తీయడం మాత్రం మరిచిపోకండి! మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న కారైతే దానికీ టర్బోకీ మధ్య పైపులను బిగించే ఏ క్లాంపూ లూజుగా ఉండకూడదు. సెన్సర్ లెక్కలోకి రాని గాలి దూరితే ఐడ్లింగ్ తడబడుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. కిట్‌తో వచ్చిన క్లాంపులు నాసిగా ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మంచివి కొనుక్కోండి. ఆయిల్ రాసే ఫిల్టరైతే పలచగా రాయండి, ఎక్కువైతే సెన్సర్‌కు అంటుతుంది. ఫిల్టరును బంపర్ కిందకు దించే కిట్లకు చల్లగాలి బాగానే అందుతుంది గానీ, హైదరాబాద్ వానల్లో రోడ్ల మీద నీళ్లు నిలిచే తీరు చూస్తే నేనైతే వద్దంటాను. ఇంజిన్ నీళ్లు పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు.