వానపాముల జాతిని, చుట్టరికాలను తేల్చడం ఎలా?

వానపాముల మీద ప్రాజెక్టు చేసేవాళ్లలో చాలామంది పట్టిన పాములన్నిటినీ ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి తెస్తారు. ఆ తర్వాత డీఎన్‌ఏ తీయాలంటారు. ఫార్మలిన్‌లో నానిన కండలో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, దాన్నుంచి పనికొచ్చే సీక్వెన్స్, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస, రాబట్టడం చాలా కష్టం. ఇంకొందరు తోక ముక్క కోసుకుని మిగతా పామును పారేస్తారు. వాళ్ల చేతికి సీక్వెన్స్ వస్తుంది, కానీ అది ఏ జాతిదో సరిచూసుకోవడానికి ఒళ్లే ఉండదు. ఒకే పాము నుంచి శరీరమూ చెడకుండా కావాలి, డీఎన్‌ఏ కూడా చెడకుండా కావాలి.

1. తవ్వడం

వానలు పడి నేల బాగా నానాక వెళ్లండి. 25 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి తెల్ల ప్లాస్టిక్ షీటు మీద చేత్తో విడగొట్టి ఏరాలి. వరిగట్టు, అరటితోట, పెంటకుప్ప, చెరువుగట్టు ఇలా వేర్వేరు చోట్ల తవ్వితేనే వైవిధ్యం తెలుస్తుంది. అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. నేలలో ఫార్మలిన్ నీళ్లు పోసి పాముల్ని పైకి రప్పించే పద్ధతి మాత్రం వద్దే వద్దు. ఆ మట్టిలో ఉన్న మిగతా ప్రాణులన్నీ చస్తాయి, మన డీఎన్‌ఏ పనీ చెడుతుంది.

ముందు భాగంలో ఉబ్బెత్తు పట్టీ, అంటే క్లైటెల్లం, ఉన్నవాటినే జాతి గుర్తింపుకి వాడండి. పిల్ల పాముల్ని చూపుతో పోల్చుకోవడం కుదరదు.

2. సామాను

ట్రే, సూది, కొత్త బ్లేడ్లు, గ్లవ్స్, చిన్న మూత ట్యూబులు, వెడల్పు మూతి సీసాలు, పెన్సిల్, దళసరి కాగితం, 95 శాతానికి తగ్గని ఇథనాల్, ఫార్మలిన్. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ పనికిరావు.

3. మత్తు, కోత, భద్రపరచడం

పని చెడేదంతా ఇక్కడే. తొందరపడకండి.

పాముల్ని శుభ్రంగా కడిగి ట్రేలో అవి మునిగేలా నీళ్లు పోయండి. ఆ నీళ్లలో ఇథనాల్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ అరగంటలో 10 శాతం దాకా తీసుకెళ్లండి. పామును నేరుగా గాఢమైన ఆల్కహాల్‌లో వేస్తే గిలగిలా కొట్టుకుని ముడుచుకుపోతుంది, ఒంటి నిండా జిగురు వదులుతుంది, కొన్నైతే తునిగిపోతాయి కూడా. ముడుచుకున్న పాములో ఖండితాలు, అంటే ఒంటి మీది ఉంగరాల్లాంటి భాగాలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి జననరంధ్రాలు కనపడవు. అలా బిగిసిన ఒంటిని తర్వాత ఎవరూ సాగదీయలేరు. సూదితో తాకినా కదలనప్పుడే తర్వాతి పనికి వెళ్లాలి. కదలడం లేదనిపించినా ఇంకో పది నిమిషాలు ఆగండి.

ఇప్పుడు తోక చివర నుంచి శనగగింజంత ముక్క కోయండి. తల వైపు బ్లేడు పెట్టొద్దు, జాతిని చెప్పే గుర్తులన్నీ అక్కడే ఉంటాయి. కోసిన ముక్కను చీల్చి లోపలి మట్టిని పూర్తిగా తుడిచేయాలి. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు, డీఎన్‌ఏ నకళ్లు పెంచే పీసీఆర్‌ను ఆపేస్తాయి, పైగా మట్టి బ్యాక్టీరియా డీఎన్‌ఏ కలుస్తుంది. ముక్కకు కనీసం పది రెట్లు ఇథనాల్ పోయండి. మర్నాడు ఆ ఇథనాల్ ఒంపేసి కొత్తది పోయాలి, ఎందుకంటే కండలోని నీరు దిగి అది పలచబడుతుంది. తర్వాత ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక్కో పాముకు ఒక్కో కొత్త బ్లేడు. కడిగి వాడదామనుకుంటే ఒక పాము కణాలు ఇంకోదానికి అంటుకుని, చివర గీసే చుట్టరికాల చెట్టులో లేనిపోని బంధుత్వాలు పుట్టుకొస్తాయి.

ముక్క ట్యూబులోకి వెళ్లి మూత పడేదాకా ఫార్మలిన్ సీసా తెరవకండి. ఆ తర్వాత ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని ఒక వంతు ఫార్మలిన్‌కు 19 వంతుల నీళ్లు కలపండి. పామును ట్రేలో కాగితం మీద తిన్నగా పరిచి, ఆ ద్రావణం పోసి, ఒక రోజు అలాగే ఉంచండి. గట్టిపడ్డాక కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ముక్కకూ ఒంటికీ ఒకే నంబరు ఇవ్వండి. ఆ నంబరు, ఊరు, తేదీ, జీపీఎస్ వివరాలు పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన లేబుల్ ఊడిపోతుంది.

4. చూపుతో పోల్చడం

డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద నోటి వైపు నుంచి లెక్కపెట్టండి. నోటి మీదికి వాలిన చిన్న తమ్మె లెక్కలోకి రాదు. నోటి చుట్టూ ఉన్నదే ఒకటో ఖండితం, దానికి శూకాలు, అంటే చర్మం మీది సన్నని ముళ్లవెంట్రుకలు, ఉండవు. రెండోదాని నుంచి మొదలవుతాయి. కొన్ని ఖండితాల మీద అడ్డగీతలుండి ఒకటే రెండుగా కనిపిస్తుంది. కాబట్టి గీతల్ని కాదు, శూకాల వరసల్ని లెక్కపెట్టాలి.

పుస్తకాల్లో ఫెరెటిమాగా చదువుకున్న మెటాఫైర్ పోస్తుమాకు క్లైటెల్లం 14 నుంచి 16 వరకు ఒంటిచుట్టూ ఉంటుంది, మగ రంధ్రాలు 18లో ఉంటాయి. ఐసీనియా ఫెటిడాకు క్లైటెల్లం జీనులా పైభాగానే ఉంటుంది, ఎంతో వెనక, 32 దాకా సాగుతుంది. వర్మీకంపోస్టు వాళ్లు ఐసీనియా అని అమ్మేదాని క్లైటెల్లం పద్నాలుగో ఖండితం దగ్గరే మొదలైతే అది ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ కావచ్చు. పేరు కన్నా లెక్కనే నమ్మండి. భారతదేశ జాతులకు స్టీఫెన్‌సన్ 1923లో రాసిన సంపుటం ఇప్పటికీ పనికొస్తుంది, మారిన పేర్లు మాత్రం సరిచూసుకోవాలి.

5. సీక్వెన్స్, చెట్టు

జాతుల్ని పోల్చడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు సీఓఐలో 658 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కను 1994 నాటి ఫోల్మర్ ప్రైమర్లతో, అంటే ఆ ముక్కను పట్టే చిన్న డీఎన్‌ఏ తునకలతో, తీయిస్తే చాలు, ల్యాబులకు అలవాటైన పనే. వచ్చిన సీక్వెన్స్‌ను అకశేరుకాల మైటోకాండ్రియా కోడ్‌తో ప్రొటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో ప్రొటీన్‌ను ఆపేసే గుర్తు, అంటే స్టాప్ కోడాన్, వస్తే దాన్ని వాడకండి. సీక్వెన్సులు దాచే అంతర్జాతీయ భండారం జెన్‌బ్యాంక్‌లో 99 శాతం కలిసిందని ఆ పేరే పెట్టేయకండి, అక్కడి పేర్లలో తప్పులున్నాయి.

డీఎన్‌ఏ ఉంటే శరీరం ఎందుకనే వాళ్లకు ఒక ఉదాహరణ చాలు. యూరప్‌లో అందరికీ తెలిసిన లంబ్రికస్ టెరెస్ట్రిస్ పేరు కింద రెండు జాతులు కలిసిపోయి ఉన్నాయని 2010లో డీఎన్‌ఏ చూపింది. రెండోదానికి 1826లో సావిన్యీ పెట్టిన లంబ్రికస్ హెర్క్యులియస్ అన్న పేరును మళ్లీ వాడగలిగారంటే, పాత వర్ణనలు, దాచిన నమూనాలు ఉండబట్టే.

సీఓఐ దగ్గరి జాతులను వేరు చేస్తుంది కానీ పాత కొమ్మల గురించి చెప్పలేదు. దానికి 18ఎస్, 28ఎస్ జన్యువులు, ఇంకా లోతుకైతే వందల జన్యువులు కావాలి. జలగలు వానపాముల బంధువర్గంలోంచే పుట్టాయనీ, ఖండితాలు కనిపించని సైపన్‌కులా అనే సముద్రపు పురుగులు కూడా వానపాములుండే అనెలిడా వర్గపు కొమ్మేననీ అలాంటి పనుల వల్లే నిలబడింది. చెట్టు గీసేటప్పుడు పోలిక కోసం పెట్టే బయటి గుంపుగా దూరపు నత్తను పెట్టకండి, మీ గుంపుకు దగ్గరి కుటుంబాన్నే పెట్టండి.

సీసాల్ని బీరువాలో దాచుకోకండి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం హైదరాబాద్‌లో ఉంది, అక్కడ అడిగి నమూనాలు జమచేయండి. వాళ్లిచ్చే నమోదు సంఖ్యను జెన్‌బ్యాంక్ ఎంట్రీలో రాశాకే సీక్వెన్స్ సమర్పించండి.