అమ్మ జీవిత సాక్ష్యం రాయడం ఎలా: జ్ఞాపకార్థ కూడికకు సిద్ధపడే కుటుంబాలకు

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తల్లి ప్రభువు సన్నిధికి చేరిన కొద్దిరోజులకు జరిగే జ్ఞాపకార్థ కూడికలో ఆమె జీవిత విశేషాలు చదివి వినిపించడం ఆనవాయితీ. ఆ బాధ్యత సాధారణంగా పిల్లల్లో కాస్త రాయగలిగిన వారి మీద పడుతుంది. బంధువుల రాకపోకల మధ్య, కూడికకు ముందురోజు రాత్రి హడావుడిగా రాసిన ఆ కాగితంలో ఆమె ప్రార్థనాపరురాలని, భర్తకు అనుకూలవతి అని, బీదలను ఆదరించిన చల్లని తల్లి అని ఉంటుంది. అందులో అబద్ధమేమీ ఉండదు, కాని పేరు మార్చితే అదే కాగితాన్ని మరో తల్లి కూడికలోనూ చదవవచ్చు. మీ అమ్మగారి గురించి రాసింది మీ అమ్మగారికి మాత్రమే చెల్లాలంటే విశేషణాలను పక్కనపెట్టి, ఆమె చేసిన పనులను వెదకడంతో మొదలుపెట్టాలి.

ఇందుకు మాదిరి మన బైబిలులోనే ఉంది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే పట్టణపు దొర్కా చనిపోయినప్పుడు, పేతురు మేడగదిలోకి రాగానే విధవరాండ్రు ఆమె గుణగణాలను వర్ణించలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను ఏడుస్తూ చూపించారు. తల్లుల కూడికల్లో తరచుగా చదివే సామెతలు 31వ అధ్యాయం కూడా అంతే. గుణవతియైన భార్యను మెచ్చుకునే ఆ వచనాల్లో ఎక్కువ భాగం ఆమె చీకటితోనే లేవడం, పొలం చూచి కొనడం, ద్రాక్షతోట నాటించడం, దీనులకు చెయ్యి చాపడం వంటి పనుల గురించే.

ముందుగా తేదీలు సరిచూసుకోండి. పాత తరం స్త్రీల ఆధార్ కార్డుల్లో పుట్టినరోజు జనవరి 1 అనో, జూలై 1 అనో ఉంటే అది అసలు తేదీ తెలియక వేసిన అంచనా కావచ్చు, దాన్ని నమ్మి కూడిక పత్రికలో అచ్చువేయించవద్దు. ఆమె సొంత బైబిలు అట్ట లోపలి తెల్లకాగితం మీద పిల్లల పుట్టుకలు, బాప్తిస్మాలు, అత్తమామల మరణాలు ఆమె చేతిరాతతోనే ఉండే అవకాశం ఉంది. అక్కడ దొరకకపోతే సంఘ కాపరిగారిని అడిగి బాప్తిస్మపు రిజిస్టరును, వివాహ రిజిస్టరును చూడాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లిళ్లను రిజిస్టరులో నమోదు చేయడం తప్పనిసరి కాబట్టి, పెళ్లి తేదీతోపాటు ఆమె పుట్టింటివారి పేరు, సాక్షుల పేర్లు కూడా తెలియవచ్చు. వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న గనుక, అంతకు ముందు బాప్తిస్మం పొందిన వారి వివరాలను మచిలీపట్నం వైపు చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.), కడప వైపు లండన్ మిషన్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టు మిషన్ పేర్లున్న పాత పుస్తకాల్లో వెదకాలి. బాప్టిస్టు సంఘాల్లో శిశు బాప్తిస్మం లేదు కాబట్టి, బాప్తిస్మపు సంవత్సరాన్ని చూసి పుట్టిన సంవత్సరాన్ని ఊహించకూడదు.

ఆమె పుట్టింటి ఇంటిపేరును తప్పక రాయండి. యాభై ఏళ్లు ఫలానావారి కోడలిగానో, పాస్టరమ్మగారిగానో పిలిపించుకున్న స్త్రీని ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరుతో సభ ఒక్కసారైనా వినడం న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

తరువాత మనుషుల దగ్గరకు వెళ్లాలి. అసలు పని ఇదే, దీనికే ఎక్కువ సమయం కేటాయించాలి. పిల్లలకు తెలిసింది ఇంట్లోని అమ్మే. వీధిలో, గుడిలో, బడిలో ఆమె ఎలా ఉండేదో ఇతరులకే తెలుస్తుంది. స్త్రీల సమాజంలో ఆమె పక్కన కూర్చున్నవారిని, ఇంట్లో పనిచేసిన ఆమెను, పాలు పోసిన కుటుంబాన్ని, పక్కింటి హిందూ, ముస్లిం ఇరుగుపొరుగును అడగండి. "మా అమ్మగారు ఎలాంటివారు?" అని అడిగితే "దేవతలాంటి మనిషి బాబూ" అన్న జవాబే వస్తుంది. "మీకు బాగా కష్టం వచ్చిన రోజున ఆమె మీ ఇంటికి వచ్చారా? వచ్చి ఏంచేశారు? ఏమి తెచ్చారు?" అని అడిగితే, చంటిబిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి కొంగులో ముడివేసుకుని వచ్చిన నోట్లు, స్టీలు క్యారియర్‌లో తెచ్చిన చారన్నం, ఆటో దొరికేదాకా గుమ్మంలోనే నిలబడి చేసిన ప్రార్థన వంటివి బయటికి వస్తాయి. వాళ్ల అనుమతితో ఫోనులో రికార్డు చేసుకుని, వాళ్లు పలికిన మాటలనే వాడండి, మీ భాషలోకి దిద్దవద్దు.

విశ్వాసం గురించి రాసేటప్పుడు కూడా చేతికి దొరికే ఆధారాలనే నమ్ముకోండి. బైబిలులో ఏ పేజీలు నలిగాయో, ఏ కీర్తన పక్కన పెన్సిలు గీత ఉందో, ఏ తేదీ వేసి ఉందో చూడండి. ఎసరు పెట్టేముందు సేరులోంచి గుప్పెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసి, వారమంతా పోగైనదాన్ని ఆదివారం గుడికి తీసుకెళ్లే అలవాటు ఆమెకు ఉండి ఉంటే, ఆ డబ్బా ఏదో, అది ఏ అరలో ఉండేదో, ఇంట్లో బియ్యం నిండుకున్న నెలలో కూడా ఆమె ఆ గుప్పెడు తీసిందో లేదో రాయండి. భక్తి అనే మాట రాయకుండానే వినేవారికి ఆమె భక్తి అర్థమవుతుంది. ఆమె కన్నీళ్లతో దేవుణ్ణి నిలదీసిన రోజులు ఉంటే వాటిని దాచనవసరం లేదు; కీర్తనల గ్రంథమే అటువంటి మొరలతో నిండి ఉంది.

దాతృత్వం విషయంలో ఒక చిక్కు ఉంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి 6వ అధ్యాయపు మాటను జీవితమంతా పాటించిన తల్లి చేసిన సహాయాలను మైకులో చదవడం ఎంతవరకు సబబు? సహాయం ఏమిటో చెప్పవచ్చు, పొందినవారి పేరు చెప్పకూడదన్నది నా అభిప్రాయం. ఆమె ఫీజు కట్టి చదివించిన అమ్మాయి ఈ రోజు నర్సుగా అదే సభలో కూర్చుని ఉండవచ్చు. తానే లేచి సాక్ష్యం చెబుతానంటే సంతోషం, లేకపోతే ఆ అమ్మాయి గౌరవాన్ని కాపాడటం మీ బాధ్యత.

భార్యగా ఆమె గురించి చెప్పవలసింది నాన్నగారే. ఆయన రాయలేని స్థితిలో ఉంటే పక్కన కూర్చుని, ఆమె మాట విన్నందువల్ల ఇల్లు నిలబడిన సందర్భం ఒక్కటి చెప్పమని అడగండి. ఆమె మౌనంగా భరించిన కష్టాలను మాత్రమే గొప్పగా చెప్పి, ఆమె ఆలోచనను, తెగువను వదిలివేయడం ఆమెకు అన్యాయం చేయడమే.

ఇవన్నీ పోగయ్యాక మూడు నాలుగు సంఘటనలను మాత్రమే ఎంచుకుని, మిగిలినవాటిని భద్రపరచండి. ఏడెనిమిది నిమిషాలకు మించితే సభ అలసిపోతుంది. ఒకసారి బయటికి చదివి చూసుకోండి. గొంతు పూడుకుపోయే చోటు ముందే తెలుస్తుంది కాబట్టి ఆ భాగాన్ని అందుకోవడానికి మరొకరిని పక్కన ఉంచుకోవచ్చు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు చదవలేని మనవలకు ఆ చదివిన గొంతునే రికార్డు చేసి పంపితే వారికీ నాయనమ్మ, అమ్మమ్మ దక్కుతుంది.

ఏడాది తిరిగాక ఆమె పేరున దానం చేసేటప్పుడు దుప్పట్ల పంపిణీకి బ్యానరు కట్టి, తీసుకునేవారిని వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయడం దయచేసి చేయవద్దు. ఆమె మధ్యలో వదిలి వెళ్లిన సహాయం ఏదో కనుక్కుని కొనసాగించండి; అది ఒక పిల్లవాడి చదువైతే, ఆ చదువు పూర్తయ్యేదాకా ఫీజు కట్టండి. రాసిన ప్రతిని ఒకటి ఆమె బైబిలులో పెట్టి, మరొకటి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. చివర కొన్ని తెల్లకాగితాలు కలిపి కుట్టిస్తే, కూడికకు రాలేకపోయినవారు తరువాత చెప్పే సంగతులను కూడా తేదీ వేసి అందులో చేర్చవచ్చు.