టైమ్‌ఔట్ గడువు పెంచే ముందు చూడవలసినవి

సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థలో) టెస్టు ఫెయిలై, లాగ్‌లో 5000 మిల్లీసెకన్ల గడువు దాటిందన్న వాక్యం కనిపించగానే చాలామంది చేసే మొదటి పని ఆ 5000ను 30000గా మార్చడం. ఒక్కోసారి అదే సరైన మార్పు కావచ్చు గానీ, ఎక్కువసార్లు 5 సెకన్లలో తెలిసే ఫెయిల్యూర్ 30 సెకన్లకు తెలుస్తుంది తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఆ అంకె జోలికి వెళ్లే ముందు టెస్టు నిజంగా నెమ్మదిగా నడుస్తోందా, లేక ఎక్కడో ఇరుక్కుపోయిందా అన్నది తేల్చుకోవాలి.

ఇందుకోసం ఆ ఒక్క టెస్టుకు మాత్రమే, మీ కంప్యూటర్‌లోనే, గడువును పది రెట్లు చేసి నడిపి చూడండి. 12 సెకన్లకో 18 సెకన్లకో పాసైతే అది నెమ్మదైన టెస్టు. పది రెట్లు ఇచ్చినా మళ్లీ సరిగ్గా ఆ కొత్త గడువు దగ్గరే పడిపోతే, అది రాని దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం.

ఇరుక్కున్న టెస్టు విషయంలో ఊహలతో కాలం గడపకుండా, అది ఏ లైను దగ్గర నిలిచిపోయిందో స్టాక్ ట్రేస్ (ఆ క్షణాన ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) తీసి చూడాలి. గో భాషలో ఈ సౌకర్యం ముందే ఉంది: టెస్టులకు డిఫాల్ట్‌గా ఉండే 10 నిమిషాల గడువు దాటగానే అది నడుస్తున్న గోరొటీన్లన్నిటి (ఏకకాలంలో సాగే పనుల) స్టాక్‌లనూ ముద్రించి మరీ ఆగిపోతుంది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో ఫాల్ట్‌హ్యాండ్లర్ టైమ్‌ఔట్ సెట్టింగ్‌కు కొన్ని సెకన్ల విలువ ఇస్తే అలాంటి ట్రేసే వస్తుంది. జావాలో జేస్టాక్ కమాండ్ ఆ పని చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఎవరూ పూర్తి చేయని ప్రామిస్ (తర్వాత రావలసిన ఫలితం), లేదా పిలవడం మరచిపోయిన డన్ కాల్‌బ్యాక్ (టెస్టు ముగిసిందని చెప్పే ఫంక్షన్) ఉందేమో ముందుగా వెతకాలి. మోకా అనే జావాస్క్రిప్ట్ టెస్టు పరికరంలో డిఫాల్ట్ గడువు 2 సెకన్లే కాబట్టి ఈ మరుపు త్వరగానే బయటపడుతుంది.

నన్ను ఎక్కువగా ఏడిపించినవి డేటాబేస్ లాకులు, అంటే ఒకరు వాడుతున్న టేబుల్ దగ్గర మరొకరిని ఆపే తాళాలు. ఒక ప్రాజెక్టులో ఇన్వాయిస్ టెస్టు ఒంటరిగా ఎప్పుడు నడిపినా పాసయ్యేది, మొత్తం సూట్‌తో కలిపితే తరచూ గడువు దాటేది. కారణం దానిలో లేదు. అంతకుముందు నడిచిన వేరే టెస్టు అసర్షన్ (ఫలితాన్ని సరిచూసే లైను) దగ్గర ఫెయిలై, ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసి ముగించే రోల్‌బ్యాక్ లైను దాకా రాకుండానే బయటికి వెళ్లిపోవడంతో దాని ట్రాన్సాక్షన్ తెరిచే ఉండిపోయింది. అందులో ఉన్నది డేటాను చదివే సెలెక్ట్ ఒకే ఒక్కటి అయినా, మా ఇన్వాయిస్ టెస్టు మొదట్లో టేబుల్‌ను ఖాళీ చేసే ట్రంకేట్‌కు ఆ టేబుల్ మీద పూర్తి హక్కు కావాలి గనుక అది అక్కడే కాచుకుని కూర్చునేది. మేము వాడిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లాక్_టైమ్‌ఔట్ డిఫాల్ట్ విలువ 0, అంటే ఎంతసేపైనా వేచి ఉంటుంది. టెస్టు ఇరుక్కున్న సమయంలో మరో విండోలో, కనెక్షన్ల స్థితిని చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీని చూస్తే ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అన్న స్థితిలో ఆ పాత కనెక్షన్ కనిపించింది. ఎవరు ఎవరిని ఆపుతున్నారో పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్ చెప్పింది. రోల్‌బ్యాక్‌ను టెస్టు ఫెయిలైనా తప్పక నడిచే టియర్‌డౌన్‌లోకి మార్చి, టెస్టు డేటాబేస్‌కు మాత్రం లాక్_టైమ్‌ఔట్ 2 సెకన్లు పెట్టాము. అప్పటి నుంచి అలాంటి తప్పు జరిగితే అస్పష్టమైన టైమ్‌ఔట్‌కు బదులు, లాక్ దొరకలేదన్న సూటి ఎర్రర్ వస్తోంది.

ఇందులోంచి తీసుకోదగ్గ పద్ధతి ఒకటుంది: లోపలి గడువులు ఎప్పుడూ బయటి గడువుకంటే తక్కువగా ఉండాలి. బ్రౌజర్ టెస్టులు నడిపే ప్లేరైట్‌లో డిఫాల్ట్‌గా టెస్టుకు 30 సెకన్లు, అందులో ఒక్కో అంశాన్ని సరిచూసే ఎక్స్‌పెక్ట్‌కు 5 సెకన్లు ఉండటం వల్లనే ఏ ఎలిమెంట్ రాలేదో మనకు తెలుస్తుంది. మీ హెచ్‌టీటీపీ క్లయింట్‌కు 60 సెకన్లు, టెస్టుకు 30 సెకన్లు ఉంటే ముందుగా చచ్చేది టెస్టే, అసలు కారణం లాగ్‌లోకి రాదు.

నిజంగా నెమ్మదిగా నడిచే టెస్టులకు ముందు కొలత కావాలి. పైటెస్ట్‌ను డ్యూరేషన్స్ 10 అన్న ఆప్షన్‌తో నడిపితే అతి నిదానమైన పది దశలనూ, అవి సెటప్‌లో ఉన్నాయో టెస్టులో ఉన్నాయో కూడా చూపిస్తుంది. సమయం సెటప్‌లోనే పోతుంటే ఆ ఫిక్స్చర్‌ను (టెస్టుకు ముందు సిద్ధం చేసుకునే డేటా, కనెక్షన్ వంటివాటిని) ఒక్కో టెస్టుకు కాకుండా మొత్తం సెషన్‌కు ఒకసారి తయారుచేయవచ్చు. కోడ్‌లో స్లీప్ (నిర్ణీత సమయం ఊరికే ఆగడం) కనిపిస్తే తీసేసి, కావలసిన స్థితి వచ్చేదాకా వేచి ఉండే కండిషన్ రాయాలి. బ్రౌజర్‌ను నడిపే సెలీనియంలో ఇంప్లిసిట్ (ప్రతి ఎలిమెంట్ కోసం ఆగే), ఎక్స్‌ప్లిసిట్ (చెప్పిన షరతు కోసం ఆగే) వెయిట్లను మాత్రం కలపకండి, ఎంతసేపు ఆగుతుందో లెక్క తెగదు. పోస్ట్‌గ్రెస్ డాకర్ ఇమేజ్ మొదటిసారి లేచేటప్పుడు తాత్కాలిక సర్వర్‌ను నడిపి, ఆపి, మళ్లీ అసలు సర్వర్‌ను లేపుతుంది కాబట్టి లాగ్‌లో సిద్ధమన్న మాట రెండుసార్లు వస్తుంది. మొదటిదాన్ని నమ్మి కనెక్టయితే మధ్యలో తెగిపోతుంది.

మీ యంత్రంలో పాసై సీఐలోనే పడిపోతుంటే వర్కర్ల (ఒకేసారి టెస్టులు నడిపే ప్రాసెస్‌ల) సంఖ్య చూడండి. జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే జెస్ట్ మామూలుగా కోర్ల సంఖ్యకు ఒకటి తక్కువగా వర్కర్లను లేపుతుంది. 2 కోర్ల పరిమితి ఉన్న కంటైనర్‌లో కూడా అది హోస్ట్‌లోని 16 కోర్లను లెక్కించి 15 వర్కర్లను లేపితే, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుని అన్నీ ఆలస్యమవుతాయి. మ్యాక్స్‌వర్కర్స్‌కు 2 అని ఇవ్వడం గడువు పెంచడంకంటే మేలు.

ఇవన్నీ చూశాక కూడా, పెద్ద ఫైలును నిజంగానే ప్రాసెస్ చేసే టెస్టు 14 సెకన్లు తీసుకుంటుంటే, ఆ ఒక్క టెస్టుకే 30 సెకన్లు ఇచ్చి, కొలిచిన సమయాన్ని పక్కనే కామెంట్‌లో రాయండి. గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐ సేవలో ఒక జాబ్‌కు డిఫాల్ట్ గడువు 360 నిమిషాలు. మీ సూట్ 8 నిమిషాల్లో ముగిసేదైతే టైమ్‌ఔట్-మినిట్స్‌ను 20కి దించండి.