విండోస్ 11 నుంచి మళ్లీ విండోస్ 10కి: డేటా పోకుండా వెనక్కి వచ్చే పద్ధతి

విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే వెనక్కి రావడం చాలా తేలిక. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, నాలుగు బటన్లు నొక్కితే సరిపోతుంది. పది రోజులు దాటితే మాత్రం విండోస్ ఉన్న డ్రైవ్‌ను తుడిచేసి విండోస్ 10ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. కొన్నప్పుడే విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లకూ రెండో దారే గతి, ఎందుకంటే తిరిగి వెళ్లడానికి వాటిలో పాత విండోస్ ఎప్పుడూ లేదు.

అసలు వెనక్కి వెళ్లాలా అన్నది ముందు తేల్చుకోండి. స్టార్ట్ బటన్ మధ్యలో ఉండటం ఒక్కటే ఇబ్బందైతే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కి మార్చితే చాలు. పాత ప్రింటరో స్కానరో పనిచేయకపోవడం, ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ విండోస్ 11లో తెరుచుకోకపోవడం లాంటివైతే వెనక్కి రావడానికి అర్థముంది. అయితే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం విడిగా నమోదు చేసుకోవాలి. ఆ పద్ధతి కింద చెప్పాం, దాన్ని మాత్రం వదిలేయకండి.

పది రోజుల లోపు అయితే

సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ తెరిస్తే "గో బ్యాక్" బటన్ కనిపిస్తుంది. నొక్కితే కారణం అడుగుతుంది, అప్‌డేట్లు వెతకమంటారా అంటుంది (నో థ్యాంక్స్ అనండి), పాత పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోమంటుంది. ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకండి. విండోస్ 10లో ఆఖరిసారి వాడిన పాస్‌వర్డే లాగిన్‌కు పనిచేయొచ్చు. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించే ఈ పని మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి. మీ ఫైళ్లు ఉంటాయి గానీ, అప్‌గ్రేడ్ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు, మార్చిన సెట్టింగులు పోతాయి. ఉంటాయన్న ఫైళ్లకు కూడా ఒక కాపీ బయటి డిస్క్‌లో తీసి పెట్టుకోండి.

గడువు దాటకముందే బటన్ మసకబారి ఉందంటే సాధారణంగా "విండోస్.ఓల్డ్" ఫోల్డర్ పోయినట్టే. పాత సిస్టమ్ మొత్తం సి డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. డిస్క్ క్లీనప్‌లోనో స్టోరేజ్ సెట్టింగ్స్‌లోనో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్" పక్కన టిక్ పెట్టి తుడిస్తే అది పోతుంది, ఇక తిరిగి రాదు. అప్‌గ్రేడ్ తర్వాత కొత్త యూజర్ అకౌంట్ జోడించినా గో బ్యాక్ ఆగిపోతుంది. ఆ అకౌంట్‌ను తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంకో చిక్కుంది: విండోస్ 11లోకి వచ్చాక మరో పెద్ద వెర్షన్ అప్‌డేట్ ఎక్కితే పాత ఫోల్డర్ స్థానంలో కొత్తది వస్తుంది. అప్పుడు గో బ్యాక్ నొక్కినా విండోస్ 10 రాదు, విండోస్ 11 పాత వెర్షన్ వస్తుంది.

ఇంకొన్నాళ్లు వాడి చూద్దాం అనుకుంటే గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. ఈ పని మొదటి పది రోజుల్లోనే జరగాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా టైప్ చేయండి: DISM /Online /Set-OSUninstallWindow /Value:60. ప్రతి వాలు గీతకు ముందు ఒక ఖాళీ ఉండాలి, "OSUninstallWindow" మధ్యలో ఖాళీ ఉండకూడదు. గడువు పెంచినంత కాలం పాత ఫోల్డర్ 20 జీబీకి పైగా చోటు ఆక్రమించి ఉండొచ్చని గుర్తుంచుకోండి.

"రీసెట్ దిస్ పీసీ"ని గో బ్యాక్ అనుకుని నొక్కేవాళ్లు చాలామంది. అది విండోస్ 11నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంది. విండోస్ 10 కావాలనుకున్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

గడువు దాటితే: ముందు సర్దుకోవాల్సినవి

ఇన్‌స్టాలేషన్ దానంతటదే నడిచిపోతుంది. ఇబ్బందులన్నీ ముందు చూసుకోని విషయాల దగ్గరే వస్తాయి.

మొదట డేటా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఎలాగూ కాపీ చేస్తారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి: డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్, బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్‌లోనే దాచుకునే డేటా, విడిగా వేసుకున్న ఫాంట్లు. వన్‌డ్రైవ్ వాడుతుంటే ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైల్ కంప్యూటర్‌లో లేదు, ఆన్‌లైన్‌లోనే ఉంది. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుంటే ఫర్వాలేదు, లేదంటే రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకుని దించుకున్నాకే కాపీ చేయండి. కాపీ అయ్యాక బయటి డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తర్వాత డ్రైవర్లు, అంటే వై-ఫై, టచ్‌ప్యాడ్ లాంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాములు. మీ మోడల్ నంబర్‌తో తయారీ కంపెనీ సపోర్ట్ పేజీలో విండోస్ 10 డ్రైవర్లు ఉన్నాయా చూడండి. ఇటీవలి మోడళ్లలో కొన్నింటికి విండోస్ 11 డ్రైవర్లు మాత్రమే ఇస్తున్నారు. వై-ఫై, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్, స్టోరేజ్ డ్రైవర్లు ముందే దించుకుని ఇంకో పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. ముఖ్యంగా వై-ఫై డ్రైవర్ లేకపోతే కొత్త విండోస్‌లో నెట్ ఉండదు, నెట్ లేక డ్రైవర్ దించుకోలేరు. అలాంటప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలాసార్లు గట్టెక్కవచ్చు.

ఇక ఎడిషన్. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో హోమ్ అని ఉందో ప్రో అని ఉందో రాసుకోండి. డిజిటల్ లైసెన్స్‌తో (కంప్యూటర్‌కే ముడిపడిన లైసెన్స్‌తో) యాక్టివేట్ అయిన విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌లో అదే ఎడిషన్ విండోస్ 10 వేస్తే కొత్తగా కీ కొనక్కర్లేదు. హోమ్ లైసెన్స్ ఉండి ప్రో వేస్తే యాక్టివేట్ కాదు.

చివరగా డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేకుండా డిస్క్‌లోని డేటాకు తాళం వేయడం. చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో) మార్పులు చేశాక 48 అంకెల రికవరీ కీ అడిగితే ఇవ్వాలి. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. డి డ్రైవ్‌లో డేటాను అలాగే ఉంచదలిస్తే ముందే ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అవడం పూర్తయ్యేదాకా ఆగండి.

పెన్ డ్రైవ్, బూట్, ఇన్‌స్టాల్

కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ కావాలి. అందులో ఉన్నదంతా పోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని విండోస్ 10 పేజీ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, "క్రియేట్ ఇన్‌స్టాలేషన్ మీడియా" ఎంచుకుని, 64 బిట్ పెట్టి, యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ అని చెప్పండి. ఎక్కడో దొరికిన "యాక్టివేటెడ్" ఐఎస్ఓల (విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైళ్ల) జోలికి పోకండి. వాటిలో ఏం కలిపారో తెలుసుకునే దారి లేదు.

పెన్ డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేస్తూ బూట్ మెనూ (కంప్యూటర్ ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) కీ నొక్కాలి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. మెనూలో పెన్ డ్రైవ్ రెండు సార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉన్నదే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే తర్వాత "జీపీటీ పార్టిషన్ స్టైల్" డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయలేమంటూ ఆగిపోతుంది. అప్పుడు డిస్క్ పార్టిషన్ స్టైల్‌ను మార్చే పని పెట్టుకోకుండా రీస్టార్ట్ చేసి సరైన మార్గంలో బూట్ చేస్తే చాలు. సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సదుపాయాలను ఆఫ్ చేయాల్సిన అవసరం లేదు.

ప్రొడక్ట్ కీ అడిగితే "ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ" నొక్కి, రాసుకున్న ఎడిషన్ ఎంచుకోండి. ఆ తర్వాత "కస్టమ్". ఇక్కడ నిదానంగా ఉండండి. డిస్క్ జాబితాలో పార్టిషన్లను (డిస్క్‌లోని భాగాలను) పేరుతో కాక సైజుతో పోల్చి చూడండి. డేటా పార్టిషన్‌ను, రెండో డిస్క్‌ను ముట్టుకోకండి. డెస్క్‌టాప్ అయితే రెండో డిస్క్ కేబుల్ తీసేసి పనిచేయడం మరీ మంచిది. మొత్తం డిస్క్ ఖాళీ చేయదలిస్తే దాని పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, మిగిలిన "అన్‌అలొకేటెడ్ స్పేస్" మీద క్లిక్ చేసి నెక్స్ట్ నొక్కండి. అవసరమైన చిన్న పార్టిషన్లను సెటప్ తానే చేసుకుంటుంది.

జాబితాలో డిస్కే కనిపించకపోతే కంగారు పడకండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజ్ సదుపాయం ఆన్‌లో ఉంటే విండోస్ 10 సెటప్ ఎస్ఎస్‌డీని గుర్తించదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ఎక్స్‌ట్రాక్ట్ చేసి (ఫైళ్లుగా విడదీసి) పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని, "లోడ్ డ్రైవర్"తో చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది. బయోస్‌లో వీఎండీని ఆఫ్ చేయడం ఇంకో దారి, కానీ అలా చేశాక లోపలున్న విండోస్ 11 బూట్ కాకపోవచ్చు. డేటా బయటికి తీశాకే ఆ పని చేయండి. "మీడియా డ్రైవర్ మిస్సింగ్" అని వస్తే ఎక్కువగా తప్పు పెన్ డ్రైవ్‌ది. వేరే పోర్టులో, వీలైతే యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడండి. కుదరకపోతే పెన్ డ్రైవ్‌ను మళ్లీ తయారు చేయండి.

మొదటి రీస్టార్ట్‌కు పెన్ డ్రైవ్ తీసేయండి. తీయకపోతే సెటప్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమైనా ఉంటే ముందు చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, ఆపై మిగతా డ్రైవర్లు వేయండి. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్‌లో యాక్టివేట్ అయినట్టు ఉందో లేదో చూడండి. నెట్ కలిపిన కాసేపటికీ కాకపోతే అక్కడి ట్రబుల్‌షూటర్ నడపండి. అప్‌డేట్లన్నీ అయ్యేదాకా రీస్టార్ట్ చేస్తూ, వెర్షన్ 22హెచ్2, బిల్డ్ 19045 ఉందని నిర్ధారించుకోండి. తర్వాతి పనికి ఈ వెర్షన్ తప్పనిసరి.

విండోస్ అప్‌డేట్ పేజీలోనే "ఎన్‌రోల్ నౌ" అనే లింక్ ఉంటుంది. అదే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. వ్యక్తిగత వాడకందార్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు దీని ద్వారానే వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఒక్క నమోదు పది కంప్యూటర్ల దాకా చెల్లుతుంది. ఆ తేదీ తర్వాత ఈ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయకపోవడమే మంచిది.

అప్‌డేట్ పేజీ మళ్లీ విండోస్ 11 చూపిస్తే "స్టే ఆన్ విండోస్ 10 ఫర్ నౌ" నొక్కండి. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్ కింద "సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్" తెరిచి, ప్రొడక్ట్‌గా విండోస్ 10, వెర్షన్‌గా 22హెచ్2 ఇస్తే కంప్యూటర్ అక్కడే నిలుస్తుంది. బయటి డిస్క్‌లోని బ్యాకప్‌ను మాత్రం ప్రింటర్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, మెయిల్ అన్నీ సరిగా నడుస్తున్నాయని తేలేదాకా తుడిచేయకండి.