చెవి మిషను మొరాయిస్తోందని ఎలా పసిగట్టాలి

చెన్నై పెరంబూరులో రైలుపెట్టెలు చేసే ఐసీఎఫ్‌లో, పెట్టె డొల్ల కట్టే షెల్ షాపు గ్రైండర్ల మోత మధ్య పనిచేసి రిటైరైనవాణ్ణి. రెండు చెవులకీ మిషన్లే. చెవి వెనక కూర్చునే రకం, దానికో సన్నటి గొట్టం, చివర చెవి కొలతకు పోసిన మోల్డు. అయనావరంలో పొద్దున నాతో నడిచేవాళ్లలో నాలాంటివాళ్లు ఇంకొందరున్నారు. "మిషను పోయిందండీ, కొత్తది కొనమంటున్నారు" అని ఎవరైనా అంటే, ముందు దాన్ని ఇలా ఇచ్చి చూపించమంటాను. చాలాసార్లు పోయింది మిషను కాదు, గులిమి పట్టిన ఫిల్టరో, బిరుసెక్కిన గొట్టమో.

ఇది ఠపీమని ఆగిపోయే వస్తువు కాదు. వినికిడి రోజుకింత తగ్గుతూ వస్తుంది, పెట్టుకున్నవాడికి ఆ తక్కువే అలవాటైపోతుంది. అందుకే మొదట తెలిసేది ఇంట్లోవాళ్లకి. "ఏవండీ, టీవీ పక్కింటికి వినిపిస్తోంది" అని మా ఆవిడ అన్న రోజున వాదన పెట్టుకోను, మిషను విప్పి చూస్తాను. "చారు పోయనా" అంటే "కారు" అని వినిపించినా, స్టేషన్లో అనౌన్స్‌మెంటు మోతగా తప్ప మాటగా చెవికెక్కకపోయినా, వాల్యూం నిన్నటికంటే ఒక మెట్టు పెంచాల్సి వచ్చినా అదే పని.

ఊహ మీద వదలకుండా ఒక పరీక్ష చేసుకోవచ్చు. వినబడని పిల్లలకు మాటలు నేర్పడంలో పేరుపడ్డ డేనియల్ లింగ్ అనే ఆయన పేరు మీద ఆరు శబ్దాల పరీక్ష ఉంది: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. మాటల్లో ఉండే బొంగురు ధ్వని నుంచి సన్నటి ధ్వని దాకా అన్నీ ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. మీ మనిషిని వెనక నిలబెట్టి, పెదవులు కనబడకుండా, మామూలు గొంతుతో ఒక్కోటీ అనమనండి, వరస మార్చి మార్చి. మీరు తిరిగి చెప్పాలి. ఒక్కో చెవికీ విడిగా చెయ్యాలి. మిషను బాగా పనిచేస్తున్న రోజునే ఒకసారి చేసి, ఎంత దూరం నుంచి ఏవి అందాయో క్యాలెండరు మీద రాసి ఉంచుకోండి. తర్వాత తేడా వస్తే పోల్చుకోడానికి అదే ఆధారం. నిన్నటిదాకా అందిన స్, ష్ ఇవాళ అందలేదంటే ఎక్కడో అడ్డు పడుతున్నట్టే. రెండు చెవులూ ఒకేసారి మందగిస్తే మాత్రం మిషన్లను అంతగా అనుమానించను. రెండూ కూడబలుక్కుని పాడవడం అరుదు. గులిమి పేరుకుందేమో, వినికిడే తగ్గిందేమో చూపించుకోవాలి.

బ్యాటరీ సంగతి. ఛార్జింగు రకం కాకపోతే ఇవి గాలి తగిలితే పనిచేసే జింక్ బ్యాటరీలు. స్టిక్కరు రంగే సైజు చెబుతుంది: పసుపు 10, గోధుమరంగు 312, నారింజ 13, నీలం 675. స్టిక్కరు తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వెయ్యండి. వారం వచ్చే బ్యాటరీ, ఫోన్ మాటలు మిషనులోకే తెప్పించుకుని వినడం ఏమీ పెరగకుండానే, రెండ్రోజుల్లో అయిపోతోందంటే ముందు వేరే అట్టలోది వేసి చూడండి. అప్పుడూ అంతే అయితే లోపల తడి చేరి కరెంటు ఎక్కువ లాగుతోందేమో, చూపించాల్సిందే. బ్యాటరీ తలుపు తీసి టార్చి వెయ్యండి. లోపలి రేకు ముక్కల మీద పచ్చటి చిలుము కనబడితే ఇంట్లో గోకకండి. పాత బ్యాటరీలు మనవల చేతికి అందనివ్వద్దు. మింగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వస్తువు అది.

కూత. మిషను ఆన్ చేసి గుప్పిట్లో మూస్తే కుయ్యిమనాలి, అంటే ప్రాణముందన్నమాట. (కొన్ని డిజిటల్ మిషన్లు ఆ కూతను తామే అణిచేస్తాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.) చెవిలో ఉన్నప్పుడు మాత్రం ఊరికే కూయకూడదు. కూస్తోందంటే మోల్డు వదులైందా, గొట్టం చీలిందా, చెవిలో గులిమి ఉందా అని చూడాలి. గొట్టాన్ని రెండు వేళ్లతో వంచండి. మెత్తగా వంగితే మంచిది. పసుపు రంగుకు తిరిగి, పెళుసుగా తగిలితే మార్చాలి. పెద్ద ఖర్చేం కాదు.

మన చెన్నైలో అసలు శత్రువు తేమే. కత్తిరి ఎండల్లో చెవి వెనక చెమట, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ముసురు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే లోపల చిన్న నీటిబొట్టు కనిపిస్తుంది. మాట వచ్చి పోయి, వచ్చి పోయి చేస్తుంటే ముందు దాన్నే వెతుకుతాను. గొట్టాన్ని మిషను నుంచి విడదీసి రబ్బరు బ్లోయరుతో ఊదితే సరి. రాత్రిళ్లు బ్యాటరీ తీసేసి మిషనును తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న మూత గట్టి డబ్బాలో పెడతాను. హెయిర్ డ్రయ్యరు, ఎండ, స్పిరిట్ జోలికి పోవద్దు. గరగరమంటుంటే పైనుండే మైకు రంధ్రాలు చూడండి. మన తలనూనె, పౌడరు, విభూతి అక్కడే చేరతాయి. పొడి మెత్తటి బ్రష్షుతో, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని దులపాలి. పిన్నీసు పెట్టి పొడిస్తే లోపలి మైకు పోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా శబ్దం బొంగురుగా, మాటలు నలిగినట్టు వస్తుంటే ఇక వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు దగ్గరికే. వట్టి చెవితో విని "బాగానే ఉంది" అని పంపేస్తే ఒప్పుకోకండి. మిషనును టెస్ట్ బాక్సులో పెట్టి కొలవమనండి. ఎంత పెంచుతోందో, ఎంత వికృతం చేస్తోందో కాగితం మీద వస్తుంది. మిషన్లు రెండూ, ఛార్జరు ఉంటే అది, పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం), బిల్లు, వారంటీ కార్డు, ఏ వేళల్లో ఆగుతోందో రాసిన చీటీ తీసుకెళ్లండి. కంపెనీకి పంపే ముందు ఖర్చు అంచనా రాయించుకోండి. అన్నాళ్లూ వాడుకోడానికి వేరే మిషను ఇస్తారేమో అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఒక్క విషయంలో మాత్రం మిషను చూస్తూ కూర్చోవద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినా, కళ్లు తిరిగినా, చెవి కారినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హఠాత్తుగా పోయిన వినికిడికి మందు ఎంత త్వరగా పడితే అంత మేలు. మిషను రిపేరు తర్వాత చూసుకోవచ్చు.